తిరుపాలమ్మకు పడని పువ్వు

ముదిగుబ్బ బస్టాండుకు ఎదురుగా, సైకిలు షాపు నీడలో గోనెపట్ట పరుచుకుని తిరుపాలమ్మ పూలు అమ్మేది. ఆమె మూర అందరి మూరకంటే పొడుగని ఊళ్ళో పేరు. మోచేతి నుంచి వేలికొస దాకా కొలిచి, అక్కడ ఆగకుండా ఇంకో నాలుగు పూలు వదిలి, దారాన్ని పళ్ళతో పుటుక్కున తెంపేది.

"యాల తిరుపాలా, అన్ని పూలు ఊరికే ఇస్తావు?" అని పక్కన కూర్చుని అమ్మే హనుమక్క కోప్పడేది.

"పెట్టుకునే తలకాయ ఎంత పెద్దదో మనకేం తెలుసక్కా?" అని తిరుపాలమ్మ నవ్వేది.

పూలు కట్టడం ఆమెకు తల్లి నేర్పింది. కళ్ళు పూలమీద ఉంచే పనే లేదు. బస్సు దిగేవాళ్ళను పలకరిస్తూ, వాళ్ళ అత్తలనూ కోడళ్ళనూ అడుగుతూ ఉంటే వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయేవి. మల్లెలు, కనకాంబరాలు చుట్టుపక్కల బోర్ల కింద పండించేవాళ్ళు తెచ్చి ఇచ్చేవారు. చామంతి మాత్రం చలికాలంలో అనంతపురం మార్కెట్టు నుంచి బస్సు టాపు మీద గోతాల్లో వచ్చేది.

భర్త కుళ్ళాయప్ప జీవాల మనిషి. సొంతానివి నలభై గొర్రెలుండేవి. పశువుల ఆసుపత్రి కాంపౌండరు వెంట తిరిగి టీకాలు వేయడం నేర్చుకున్నాడు. తొలకరి పచ్చిక మేసి గొర్రెలకు చిటుకు రోగం తగులుకునే కాలంలో పక్క పల్లెలవాళ్ళు ఆయనకోసం కబురు పంపేవారు. ఒక్క పూటలో రెండు వందల జీవాలకు సూది వేసిన రోజులున్నాయి. మాట మాత్రం తక్కువ. కావాలన్నా "ఊ" అనేవాడు, వద్దన్నా "ఊ" అనేవాడు. ఏ "ఊ" ఏదో తిరుపాలమ్మకు తెలుసు. ఉన్న ఒక్క కూతురికీ ధర్మవరంలో పెళ్ళి చేశాక ఇంట్లో మిగిలింది వాళ్ళిద్దరే.

తొంభై ఏడు, తొంభై ఎనిమిది నుంచే చామంతి గోతం మూతి విప్పితే తిరుపాలమ్మకు తుమ్ములు వచ్చేవి. ఒకటి రెండు కాదు, పదీ పదిహేను వరసగా. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారేవి. చేతివేళ్ళ సందుల్లో దురద, మణికట్టు మీద దద్దుర్లు. చలికాలం కదా, జలుబు అనుకుంది. దద్దుర్లకు వేపాకు, పసుపు నూరి పట్టించింది. సంక్రాంతి దాటి చామంతి తగ్గితే ఒళ్ళు కూడా తేటపడేది. ఏటేటా ఇలాగే జరుగుతున్నా ఆ రెంటికీ ముడి ఉందని ఎవరికీ తట్టలేదు.

రెండు వేల సంవత్సరం కార్తీకమాసంలో ఒక పెళ్ళికి దండల బేరం వచ్చింది. రెండు గోతాల చామంతి. ఆ రోజు గాలి విసురుగా ఉండటంతో పూలు ఎగిరిపోతాయని తిరుపాలమ్మ తన ఇంట్లోనే హనుమక్కతో కలిసి తలుపు మూసుకుని కూర్చుంది. గోతాలు నేలమీద కుమ్మరిస్తే మోకాళ్ళ ఎత్తు కుప్ప. పొద్దున ఏడు నుంచి కడుతున్నారు. పది కావస్తుండగా తిరుపాలమ్మ అరచేతులు గోక్కోవడం మొదలుపెట్టింది. కాసేపటికి మెడ, పొట్ట, వీపు అంతా దద్దుర్లు లేచాయి. పెదవులు ఉబ్బాయి.

"అక్కా, గొంతులో ఏందో అడ్డం పడినట్టుండాది" అంది.

ఆ గొంతు విని హనుమక్క తలెత్తి చూసింది. బొంగురుగా, ఎవరో మగమనిషి మాట్లాడినట్టు ఉంది. తిరుపాలమ్మ లేచి నిలబడబోయి, వాంతి చేసుకుని, పూలకుప్ప పక్కనే కూలిపోయింది.

హనుమక్క అరుపు విని, దొడ్లో జీవాలకు నీళ్ళు పెడుతున్న కుళ్ళాయప్ప పరుగెత్తుకొచ్చాడు. భార్య ముఖం ఆయనకు ఆనవాలు పట్టలేనట్టుగా ఉబ్బిపోయింది. పెదవులు నల్లబడ్డాయి. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు. రెండు చేతులమీద ఎత్తుకుని రోడ్డుమీదికి వచ్చి, అటుగా పోతున్న ఆటోలో పడుకోబెట్టుకుని సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయాడు.

ఆ వేళ అక్కడ ఉన్నది నర్సు సారా. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. కానీ ఆ రోజు ఆమె కదిలిన తీరు కుళ్ళాయప్ప ఎప్పటికీ మరిచిపోలేదు. ఒక్కసారి ముఖం చూసి, నాడి పట్టి చూసి, డాక్టరుకు కేక వేస్తూనే చిన్న గాజుబుడ్డి మెడ విరిచి, మందు సిరంజిలోకి లాగి, తిరుపాలమ్మ తొడ బయటివైపు పొడిచింది. వెంటనే ఆక్సిజన్ పెట్టారు, సెలైన్ ఎక్కించారు. పది నిమిషాలు గడిచేసరికి ఆ ఈల చప్పుడు తగ్గింది. పెదవుల నలుపు పోయి రంగు వచ్చింది.

"ఏం మందమ్మా అది?" అని కుళ్ళాయప్ప అడిగాడు.

"అడ్రినలిన్ అంటారు. ఎపినెఫ్రిన్ అన్నా ఇదే. ఇంకాసేపు ఆలస్యమై ఉంటే..." అని సారా ఆగి, "సరే, వచ్చినారు కదా, అది చాలు" అంది.

పదిరోజుల తర్వాత ఆమె చీటీ రాసి ఇస్తే ఇద్దరూ అనంతపురం వెళ్ళి హేమ అనే డాక్టరమ్మకు చూపించుకున్నారు. డాక్టరమ్మ తీరిగ్గా అన్నీ అడిగింది. తుమ్ములు ఏ నెలలో వస్తాయి, ఏ పూలు కడితే దురద, మల్లెలు కట్టేటప్పుడు ఉంటుందా. ఆఖరికి, "దారం దేంతో తెంపుతావమ్మా?" అంది.

"పండ్లతో."

"చామంతి పొడి అంతా దారానికి అంటుకుని ఉంటుంది. అది నోట్లోకి పోతోంది. మూసిన గదిలో గాలితో పీల్చింది చాలక, ఇది కూడా. నీ ఒంటికి చామంతి పడదు. బంతి, పొద్దుతిరుగుడు, మీ రోడ్ల పక్కన పెరిగే కాంగ్రెస్ గడ్డి, ఇవన్నీ చామంతికి దాయాదులే. వాటికీ దూరంగా ఉండాలి."

తిరుపాలమ్మ తన వేళ్ళవంక చూసుకుంది. తర్వాత మెల్లగా, "పూలు కట్టేది తప్ప నాకింకేమీ రాదు కదమ్మా" అంది.

"పూలు మానమన్నానా? మల్లెలు కట్టు, కనకాంబరాలు కట్టు. కత్తెర వాడు. కానీ చామంతి ఉన్న గదిలోకి కూడా పోవద్దు. ఒకసారి ఇంత పెద్దగా వచ్చిందంటే మళ్ళీ రావచ్చు. సూది మందు ఎప్పుడూ మీ దగ్గర ఉండాలి, వేసే మనిషీ ఉండాలి."

"ఈయప్ప సూదులేస్తాడమ్మా" అంది తిరుపాలమ్మ, కొంచెం గర్వంగానే. "గొర్రెలకు."

డాక్టరమ్మ నవ్వింది. "అయితే సగం పని అయినట్టే."

ఆ మిగిలిన సగం సారా నేర్పింది. మధ్యాహ్నం ఓపీ అయ్యాక కుళ్ళాయప్ప నాలుగు రోజులు వరసగా ఆసుపత్రికి పోయాడు. ఒక సంచిలో అరడజను చీనీకాయలు, అంటే బత్తాయిలు, తీసుకుపోయేవాడు. మందు బదులు నీళ్ళు ఎక్కించి వాటికి పొడిచేవాడు. మొదటి రోజు అలవాటు కొద్దీ చీనీకాయ తోలును కూడా వేళ్ళతో పైకి లాగబోతే సారా చెయ్యి మీద తట్టింది.

"గొర్రెకు తోలు పట్టి లేపి దాని కింద వేస్తావు. ఇది అట్ల కాదు. తొడ బయటి పక్క, నడిమధ్య, నిట్టనిలువునా కండలోకి పోవల్ల. చీర మీద నుంచైనా పరవాలేదు. అర ఎంఎల్. మందు తేటగా ఉంటేనే వాడు, రంగు మారితే పారేసి నాకు చెప్పు."

వేయడం ఆయనకు రెండు రోజుల్లో వచ్చింది. ఎప్పుడు వేయాలన్నదే కష్టం.

"దద్దుర్లొచ్చినా వేయల్లనా?" అని అడిగాడు.

"వట్టి తోలు మీదనే ఉంటే, తుమ్ములే అయితే, దురద మాత్ర ఇచ్చి కనిపెట్టుకుని ఉండు. తోలుతోపాటు ఇంకోటి కలిసిందనుకో, గొంతు మారిందో, ఊపిరి పట్టేసిందో, వాంతులో కడుపునొప్పో, కండ్లు తిరిగినాయో, అప్పుడు ఆలోచించేది లేదు. సూదే. మాత్ర దురదకు పనిచేస్తాది గానీ మూసుకుపోయే గొంతును తెరవదు. చామంతి తగిలినాక దద్దుర్లు లేకుండా ఊపిరి ఒక్కటే పట్టేసినా అంతే, వేసెయ్. అనుమానమొస్తే కూడా వేసెయ్ కుళ్ళాయప్పా. వేసినందుకు గుండె దడదడా కొట్టుకుంటాది, చేతులు వణుకుతాయి, కాసేపటికి పోతాయి. వేయకపోతే మనిషే పోతాది."

"వేసినాక?"

"పండుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా పెట్టు. లేపి నిలబెట్టొద్దు, నడిపించొద్దు. ఊపిరాడకపోతే మాత్రం కూర్చోనీ. పది నిమిషాలకు గుణం కనపడకపోతే రెండోది. బాగయిందని ఇంట్లో కూర్చోవద్దు, ఆసుపత్రికి తీసుకురా. మందు బలం తగ్గినాక మళ్ళీ తిరగబెట్టచ్చు."

రెండు గాజుబుడ్లు, రెండు సిరంజిలు, కొన్ని దురద మాత్రలు ఒక స్టీలు డబ్బాలో పెట్టి ఇచ్చింది. వాళ్ళింట్లో ఫ్రిజ్ లేదు. ముదిగుబ్బ ఎండలకు రేకుల ఇల్లు పెనంలా కాలుతుంది. కుళ్ళాయప్ప వంటింటి మూల ఇసుక పోసి తడిపి, అందులో ఒక ఖాళీ కుండ పాతి, డబ్బాను దాంట్లో దించి మూత పెట్టాడు. రోజూ పొద్దున ఇసుక తడపడం ఆయన పని.

తిరుపాలమ్మ చామంతి బేరం హనుమక్కకు వదిలేసింది. చలికాలం వస్తే హనుమక్క తన గోనెపట్ట తీసుకుని రోడ్డు అవతలికి, గాలివాలు చూసుకుని కూర్చునేది. ఇద్దరూ రోడ్డుకు ఇటూ అటూ కేకలేసుకుంటూ మాట్లాడుకునేవారు. మధ్యలో బస్సు వస్తే మాట ఆగి, పోయాక అక్కడి నుంచే మళ్ళీ మొదలయ్యేది. కుళ్ళాయప్ప ముఖానికి తువ్వాలు కట్టుకుని, ఇంటి చుట్టూ కాంగ్రెస్ గడ్డిని పూత రాకముందే పీకేసేవాడు. బీళ్ళలో తిరిగి వస్తే దొడ్డివాకిట్లోనే స్నానం చేసి, బట్టలు మార్చుకుని గానీ లోపలికి వచ్చేవాడు కాదు.

మొదటి ఏడాది ఆయన కంగారు చూసి తిరుపాలమ్మకు నవ్వూ కోపమూ రెండూ వచ్చేవి. ఒకసారి గుడి దగ్గర ఎవరి చామంతి బుట్టో తగిలి చేతిమీద దద్దుర్లు లేస్తే, ఆయన డబ్బా తెచ్చి సిరంజి కూడా విప్పేశాడు.

"ఆగప్పా. గొంతు బాగుండాది. ఊపిరి బాగుండాది. కడుపు బాగుండాది. సారమ్మ ఏం చెప్పింది?"

"అనుమానమొస్తే వేసెయ్యమంది."

"నాకు లేదు అనుమానం. నీకే."

మాత్ర వేసుకుని ఆమె పూలు కట్టుకుంటూ కూర్చుంది. ఆయన ఎదురుగా గుంజకు ఆనుకుని, దద్దుర్లు పూర్తిగా అణిగేదాకా రెండు గంటలు ఆమె ముఖమే చూస్తూ ఉన్నాడు. ఆ పూట జీవాలు మేతకు పోలేదు.

రెండు వేల నాలుగులో పొదుపు సంఘాల ఆడవాళ్ళంతా కలిసి తిరుపాలమ్మను మండలం మొత్తానికి పెద్దగా ఎన్నుకున్నారు. అందరినీ పేరు పెట్టి పిలవగలిగిన మనిషి ఆమె ఒక్కతే మరి. మండలాఫీసు పక్క హాలులో మీటింగు. ఆమె గుంపులోకి పోయినప్పుడల్లా కుళ్ళాయప్ప డబ్బా చంకన పెట్టుకుని వెంట వెళ్ళేవాడు. ఆ రోజు కూడా కిటికీ బయట, ఆడవాళ్ళ మధ్యకు రావడానికి సిగ్గుపడి, నిలబడ్డాడు.

పక్క ఊరి సంఘం నుంచి వచ్చిన రామసుబ్బమ్మ అనే పెద్దామె కొంగుచాటు నుంచి దండ బయటికి తీసింది. పసుపుపచ్చ చామంతులు, మధ్య మధ్య మరువం. ఎంతోమంది మెడల్లోకి దండలు కట్టిన తిరుపాలమ్మ మెడలో, తన పెళ్ళినాడు తప్ప, ఎవరూ దండ వేసింది లేదు. చామంతిని చూసి ఆమె ఒక అడుగు వెనక్కు వేసింది. కానీ రామసుబ్బమ్మ ముఖంలో వెలుగు చూశాక వద్దనే మాట నోట రాలేదు. దండ మెడలో పడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

తిరుపాలమ్మ వెంటనే దాన్ని తీసి బల్లమీద పెట్టి, కొంగుతో మెడ తుడుచుకుని మాట్లాడటం మొదలుపెట్టింది. అయిదు నిమిషాలు కాలేదు. కిటికీ బయట కుళ్ళాయప్ప చెవులు రిక్కించాడు. వినిపిస్తున్న గొంతు తన భార్యది కాదు. నాలుగేళ్ళ కింద ఆ పూలకుప్ప పక్క విన్నానని హనుమక్క చెప్పిన బొంగురు మగగొంతు.

సిగ్గు మరిచి లోపలికి దూసుకొచ్చాడు.

"మెడ చూపించు మే."

మెడంతా కందిపోయి దద్దుర్లు.

"తోలుకే అప్పా. మాత్ర వేసుకుంటా. ఇంతమంది వచ్చినారు, మీటింగు కానీ" అంది తిరుపాలమ్మ గుసగుసగా.

"గొంతు మారింది."

"చలికి."

"కడుపు మీద చెయ్యి ఎందుకు పెట్టుకున్నావు?"

ఆమె చెయ్యి తీసేసింది.

"ఇంక నీ మాట వినను. పండుకో."

ఆమెను హాలు మధ్యలోనే పడుకోబెట్టాడు. ఎవరో నీళ్ళ చెంబు తెచ్చారు, ఎవరో ఉల్లిగడ్డ వాసన చూపించమన్నారు, ఇద్దరు భుజాలు పట్టి కూర్చోబెట్టబోయారు. "లేపొద్దు! ఎవురూ ముట్టొద్దు!" అని ఆయన అరిచిన అరుపుకు అందరూ రెండడుగులు వెనక్కి జరిగారు. ఆయన గొంతు అంత పెద్దదని ముదిగుబ్బలో ఎవరికీ తెలియదు.

గాజుబుడ్డి మెడ విరిచాడు. మందు సిరంజిలోకి లాగాడు. తీరా తొడ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వణకడం మొదలైంది. తిరుపాలమ్మ తల తిప్పి ఆయన వంక చూసింది.

"గొర్రె అనుకోప్పా."

"గొర్రె అయితే చెయ్యి వణకదే" అన్నాడు.

ఎడమచేత్తో తన కుడిమణికట్టును గట్టిగా పట్టుకుని, చీర మీద నుంచే నిలువునా పొడిచాడు. మందు మొత్తం లోపలికి పోయేదాకా నొక్కి, మనసులో అంకెలు లెక్కబెట్టుకుని, తీశాడు. ఆఫీసు బీరువా పక్కనున్న రిజిస్టర్ల కట్ట లాక్కొచ్చి ఆమె కాళ్ళ కింద పెట్టాడు. గోడ గడియారం వంక, ఆమె ముఖం వంక మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు. రెండో బుడ్డి పక్కన సిద్ధంగా ఉంది.

ఆరు నిమిషాలకు తిరుపాలమ్మ, "గుండె దడదడా కొట్టుకుంటాండాది" అంది. గొంతు ఆమెదే.

మండలాఫీసు జీపులో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు చూసి, మరుసటి రోజు పొద్దుటిదాకా ఇక్కడే ఉండాలన్నాడు. సారా అంతా చూసి బయటికి వచ్చేసరికి కుళ్ళాయప్ప బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఖాళీ సిరంజి ఇంకా ఆయన పిడికిట్లోనే ఉంది. తనంతట తాను వదల్లేకపోయాడు. సారా పక్కన కూర్చుని ఒక్కొక్క వేలూ విప్పి దాన్ని తీసుకుంది.

"సరైన టయానికి వేసినావప్పా. నేను ఉన్నా అదే చేసింటాను."

"ఊ" అన్నాడు.

సాయంత్రం రామసుబ్బమ్మ వచ్చి మంచం పక్కన నిలబడి ఏడ్చింది. తిరుపాలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నీ తప్పేముందక్కా? ప్రేమతో తెచ్చినావు. నాకు పడదని నేనే చెప్పలేదు. ఒక్క మాట చెప్పేదానికి మొగమాటపడితిని." ఆ రోజు నుంచి ఆమెకు ఆ మొగమాటం పోయింది. ఏ ఇంటికి పోయినా గడపలోనే, "నాకు చామంతి పడదు, ఉంటే బయటనే కూర్చుంటా" అని చెప్పేసేది. నెల తిరక్కుండా సంఘాల మీటింగుకు సారాను పిలిపించి, ఎలాంటప్పుడు మాత్ర, ఎలాంటప్పుడు సూది అన్నది అందరికీ చెప్పించింది. వేరుశనగ తింటే పెదవులు ఉబ్బే కోడలు ఉందని ఒకామె, తేనెటీగ కుడితే సొమ్మసిల్లిన తమ్ముడు ఉన్నాడని ఇంకొకామె ఆ రోజే బయటపెట్టారు. సారా వాళ్ళను మరుసటి రోజే ఆసుపత్రికి రమ్మంది.

ఆ తర్వాత తిరుపాలమ్మకు ఇంకో ఆలోచన వచ్చింది. "నువ్వు జీవాల యెనక కొండకు పోయినప్పుడు నాకు వస్తే యెట్లప్పా? ఎంతకాలమని ఆ డబ్బా చంకన పెట్టుకుని నా యెంట తిరుగుతావు? నేనే నేర్చుకుంటా." సారా దగ్గర కూర్చుని, మందు లేని సిరంజితో తన తొడ మీద తానే గుర్తు చూసుకుని, బుడ్డి విరవడం, గాలి పోగొట్టడం అన్నీ నేర్చుకుంది. మొదటిసారి బుడ్డి విరిచినప్పుడు వేలు తెగింది. గుడ్డ చుట్టి విరవాలని సారా చెప్పింది.

రెండు వేల ఆరు మాఘంలో, కంబదూరు దగ్గర పల్లెలో ఉంటున్న చెల్లెలు బయమ్మ ఇంట్లో పెళ్ళి. కుళ్ళాయప్పకు జీవాలను వదిలి కదలడానికి వీలుపడలేదు. తిరుపాలమ్మ ఒంటరిగా బయలుదేరింది. ముందురోజే కాయిన్ బాక్సు నుంచి ఫోను చేయించి, పందిట్లో చామంతి, బంతి వద్దని, పెళ్ళికొడుకు దండ కూడా మల్లెలతోనే తాను కట్టి తెస్తానని చెప్పించింది. బయమ్మ సరేనంది.

బస్టాండులో కుళ్ళాయప్ప దండల బుట్టను బస్సులోకి అందించాడు. దండల మీద తడిగుడ్డ కప్పి ఉంది. తిరుపాలమ్మ కిటికీ పక్క సీట్లో కూర్చుంది. నడుముకు దోపుకున్న గుడ్డతిత్తిలో మందు, సిరంజిలు, మాత్రలు ఉన్నాయి.

"ఉండాదా?" అని కిటికీ కింద నిలబడి అడిగాడు.

"ఉండాది."

"రెండూ?"

"రెండూ ఉండాయి. మూడుసార్లు అడిగినావు పొద్దున్నుంచి."

కండక్టరు విజిలు వేశాడు. ఆయన ఇంకా కిటికీ చువ్వ వదల్లేదు.

"గొంతు మారితే కాచుకోవద్దు" అన్నాడు. "ఎవురేమనుకుంటారో అని చూడొద్దు. యాడున్నా సరే, పండుకుని వేసుకో. పక్కనున్నోళ్ళకు ముందే చెప్పి పెట్టు, ఆసుపత్రి యాడుందో కనుక్కో."

పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆయన ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం తిరుపాలమ్మ వినలేదు. కిటికీలోంచి చెయ్యి చాపి ఆయన చెయ్యి మీద వేసింది.

"ఊ" అంది.

బస్సు కదిలి అనంతపురం రోడ్డెక్కింది. కుళ్ళాయప్ప అది మలుపు తిరిగేదాకా చూసి, భుజం మీది తువ్వాలు తలకు చుట్టుకుని, జీవాలను కొండవైపు తోలుకుపోయాడు.